జానెడు ఎత్తున ఆగవలసిన దెబ్బ

ధర్మవరం రోడ్డు పక్కనున్న ఒక హైస్కూలు మైదానంలో, కార్తీక మాసపు ఒక శనివారం సాయంత్రం ఏడు గంటల నలభై రెండు నిమిషాలకు, సుమారు ఆరువందల మంది చూస్తుండగా, నేను ఒక మనిషి ఎడమ మణికట్టు విరగ్గొట్టాను. అతనికి అరవై రెండేళ్లు. నాకు డెబ్బై ఒకటి. మా మధ్య ఏ తగాదా లేదు. ఆ సమయానికి ఇద్దరం ఒకే పాటలో ఉన్నాం.

ఆరువందలు అనేది అంచనా. కుర్చీలు నాలుగువందలని అద్దెకిచ్చినవాడు చెప్పాడు. నిలబడి చూసినవాళ్లను లెక్కపెట్టే వీలు నాకు లేకపోయింది. తక్కిన అంకెలు ఖచ్చితమైనవి.

ఉద్యోగంలో ఉన్న ముప్పై మూడేళ్లూ మండల కార్యాలయం ఆవరణలోని వర్షమాపకాన్ని ప్రతి ఉదయం ఎనిమిదిన్నరకు చూసి రిజిస్టరులో రాయడం నా పనుల్లో ఒకటి. ఈ సీమలో ఆ పని చేసినవాడు ఎక్కువగా రాసేది సున్నా. సున్నాకూ ఖాళీకీ తేడా ఉంది. గడి ఖాళీగా వదిలితే చూడలేదని అర్థం. సున్నా వేస్తే చూశాను, లేదని అర్థం. నా కింద పనిచేసినవాళ్లకు నేను నేర్పింది ఇదొక్కటే. గడిని ఖాళీగా వదిలినవాణ్ణి నేనెన్నడూ క్షమించలేదు.

పదవీ విరమణ తరువాత మా ఊరి చెక్కభజన బృందంలో చేరాను. మా ఊరు బత్తలపల్లెకు ఆరు కిలోమీటర్లు. చెక్కభజన అంటే చేతికొక చెక్క పట్టుకొని, రెంటినీ తాళానికి తగ్గట్టు కొడుతూ, అడుగు వేస్తూ, గురువు అన్న చరణాన్ని అందరూ తిరిగి అనే సామూహిక గానం. మా చెక్కలు చండ్రమానువి. ఒక్కొక్కటి మూడువందల పది గ్రాములు. కూరగాయల దుకాణంలో తూకం వేయించాను. నన్ను చేర్చుకున్న రోజు గురువు అన్నాడు: "లెక్క తెలిసినోనికి చెక్క దానంతటదే వస్తాది సార్. రాగం రాకపోయినా పర్వాలేదు, మాకెవురికీ రాదు." ఆయన నాకంటే పదిహేనేళ్లు చిన్న. వేరుశెనగ పండిస్తాడు, పండని ఏట గొర్రెల్ని మేపుతాడు.

మాకు ఇరవైకి పైగా పాటలున్నా, ఊరికి సొంతమైన పాట ఒక్కటే. దాన్ని పాతర పాట అంటారు. పాతర అంటే ధాన్యం దాచడానికి భూమిలో తవ్విన గొయ్యి. మూతి సన్నం, కడుపు వెడల్పు. లోపల గోడలకు గడ్డి పేర్చి, కొర్రలో జొన్నలో నింపి, మూతి మీద బండ వేసి, మట్టితో మెత్తుతారు. ధాత నామ సంవత్సరపు కరువులో, ఇంగ్లీషు లెక్కన 1876లో మొదలైన ఆ పెద్ద కరువులో, మా ఊరి దొర పాతర మీదికి జనం రోకళ్లతో, గడ్డపారలతో ఎగబడ్డారు. కాపలా ఉన్న తలారి అడ్డం నిలబడ్డాడు. పాటలో ఆ చరణం ఇది:

పాతర ముంగల తలారి కుక్కర
బొంకులు మొరిగెర బొంకులురా
రోకటిపోటుల బొక్కలు విరిచిరి
నెత్తుట తడిసెర మన్నంతా

తలారి చచ్చాక ఏడుగురు గోతిలోకి దిగుతారు. ఏడుగురూ అక్కడే ఒరిగిపోతారు. దొర ముందే ధాన్యంలో విషం కలిపించాడని పాట చెబుతుంది. ఉగాది సాయంత్రం పంచాంగం చదివి, ఆ ఏటి వానలెన్నో విని, ఆ తరువాత ఈ పాట పాడడం మా ఊరి ఆచారం. పంచాంగంలోని వానలకూ నా రిజిస్టరులోని వానలకూ ఎన్నడూ పొంతన కుదరలేదు. అది వేరే విషయం.

ఈ పాటకు పదహారు మంది వలయంగా నిలబడతాం. మధ్యలో ఒకడు తలారిగా, చేతుల్లో చెక్కలు లేకుండా, చేతులు కట్టుకొని నిలబడాలి. పై చరణం వచ్చినప్పుడు నలుగురు నలుగురుగా లోపలికి దూకి, అతని నెత్తి మీద ఎనిమిది చెక్కలు ఒక్కసారిగా కొట్టి, వెనక్కి దూకాలి. నాలుగు జట్లు, రెండు సుట్లు, మొత్తం ఎనిమిది దెబ్బలు. దెబ్బ తలకు జానెడు ఎత్తున ఆగాలన్నది కట్టు. మధ్యలో నిలబడేవాడు ఆ తలారి వంశంవాడే కావాలన్నది మరో కట్టు. నేను చేరేనాటికి ఆ చోటు ఒక నేతగాడిది. పట్టుచీరల మగ్గం మీద కూర్చున్నవాడు. వాళ్ల ముత్తాత తండ్రే ఆ తలారి అని ఊరంతా అంటుంది. తండ్రి చనిపోయిన ఏటినుంచి అతనే నిలబడుతున్నాడు.

జానెడంటే తొమ్మిది అంగుళాలు. ఆ తొమ్మిది అంగుళాలు ప్రతిసారీ మిగలలేదు. నేను పాడిన ఏడేళ్లలో అతని ఎడమచెవి పైకొస ఒకసారి చీలింది. కనుబొమ రెండుసార్లు పగిలింది. ముందు పన్ను ఒకసారి అంచు విరిగింది. నెత్తురు కండువాతో అదిమి మళ్లీ చేతులు కట్టుకునేవాడు. "తగిలిందా?" అని అడిగితే, "మా తాతకు తగిలినంత తగల్లేదులే అన్నా" అనేవాడు. అందరూ నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను.

ఒక విషయం దాచకూడదు. ఆ చరణం మాకు ఇష్టం. వానలు తప్పిన ఏళ్లలో మరీ ఇష్టం. బోరు ఎండినవాడు, పంట బీమా రానివాడు, అన్నదమ్ములతో గట్టు తగువు పడినవాడు, అందరూ ఆ చరణం కోసం వచ్చేవాళ్లు. చూసే జనం "కొట్టండప్పా! ఇరగ్గొట్టండి!" అని అరిచేవాళ్లు; మట్టిగడ్డలు విసిరేవాళ్లు. ఒకసారి చరణం ముగియగానే నా నాడి పట్టి చూసుకున్నాను. నిమిషానికి నూట ఇరవై ఎనిమిది. రామభజన తరువాత చూస్తే తొంభై ఆరు. అడుగులు రెంటికీ సమానమే. మిగిలిన ముప్పై రెండూ ఎక్కడివో నాకు తెలుసు.

ఆ సంవత్సరం చుట్టుపక్కల మండలాలవాళ్లు కలిసి ఒక సభ పెట్టారు. ఎనిమిది బృందాలు, ఒక్కొక్కటి తమ ఊరి చరిత్రను పాడాలి. మైకులు, దీపాలు, వీడియో. మేము పాతర పాట ఎంచుకున్నాం. సభకు వారం రోజుల ముందు నేతగాడు నన్ను ఇంటికి పిలిచాడు. వెళ్లేసరికి మగ్గం గుంటలో కూర్చొని అంచు నేస్తున్నాడు. లోపలి గదిలో అతని తల్లి పడుకొని ఉంది. ఆమెకు తొంభై దాటాయని ఆమె అంటుంది; దాటలేదని ఓటరు కార్డు అంటుంది. ఉగాది నాడు పాట మొదలుకాగానే ఆ ఇంటి తలుపు మూసుకుంటుందని నాకు తెలుసు. ఎందుకని అడగలేదు.

"అన్నా, గురువుతో చెప్పి ఒక మాట తీసేయించు," అన్నాడు.

"ఏ మాట?"

"బొంకులు."

అతను దారపు నాడెను చేతిలోనే ఆపాడు.

"కుక్క అనండి, పడతాం. మా ఇంట్లో అందరమూ పడినాం. బొంకినాడనొద్దండి. వాడు బొంకలేదన్నా. పాతర మూత తీస్తానే దిగగూడదంట. ముందు తాడుకు దీపం కట్టి దింపాల. ఆరిపోయిందంటే లోపల గాలి చెడిందని. వాడు దింపినాడు. ఆరిపోయింది. 'దిగొద్దండప్పా, దీపం ఆరిపోయింది' అన్న్యాడు. జనం ఇంటారా? ఆకలి. గింజలు కాపాడను అబద్ధం చెప్తాండాడని పొడిచి పొడిచి చంపినారు. చంపి దిగినారు. దిగినోళ్లు దిగినట్లే పోయినారు. విషమూ లేదు, దొరా లేదు."

"ఇది నీకెవరు చెప్పారు?"

"మా అమ్మ. మా అమ్మకు వాళ్లత్త."

"కాగితం ఏమైనా ఉందా?"

"కూడే లేని పొద్దు కాగితం యాడిదన్నా?"

"అయితే అదీ ఒక మాటే. పాటా ఒక మాటే. రుజువు లేని రెండు మాటల్లో ఒకదాన్ని కొట్టేసి ఇంకొకటి ఎట్లా ఉంచమంటావు?"

లోపలినుంచి ముసలామె గొంతు వచ్చింది. "ఆ వానలాయన ఏమంటాండాడురా?"

"కాగితం అడుగుతాండాడుమా."

"వాళ్ల నాయనకే ఈయన పుట్టినాడని కాగితముందేమో అడుగు."

నేతగాడు తలవంచుకొని నాడె విసిరాడు. నేను చెప్పులు వేసుకున్నాను. గడప దగ్గర అతను మెల్లగా అన్నాడు: "ఇంత పెద్ద మైకులో బొంకినాడంటే నేను నిలబడలేనన్నా. ఊర్లో అంటే సరే. మా అమ్మ పోయేలోపల ఒక్కసారన్నా ఆ మాట లేకుండా పాడాల."

మంగళవారం సాధనలో నేను మొదటిసారి ఆ పాటను చేతులతో కాక కళ్లతో చూశాను. 'బొంకులు' చరణానికి ముందు మాటలు లేని ఒక అడుగుంది. అందరం నడుం వంచి, కుడిచేయి ఎడమచేయి మార్చి మార్చి కిందికి దింపుతాం. తొమ్మిది లెక్కలు. తరువాత రెండు లెక్కల పాటు చెక్కలూ మద్దెలా అన్నీ ఆగిపోతాయి. మళ్లీ తొమ్మిది లెక్కలు పైకి, రెండింతల వేగంతో. ఆ తరువాతే తలారి మీదికి దూకడం.

"గురువా, ఇది ఏ అడుగు?" అని అడిగాను.

"నీళ్లు తోడే అడుగు సార్."

"కరువు పాటలో నీళ్లెక్కడివి?"

"లేనందుకే గదా తోడేది!" అన్నాడు. తక్కినవాళ్లందరూ పగలబడి నవ్వారు.

నేను నవ్వలేదు. నిండు చేద దిగినదానికంటే వేగంగా పైకి రాదు. ఆ తాడుకు కట్టింది ఏదైనా సరే, బరువున్నది కాదు. అడుగున, ఆ రెండు నిశ్శబ్దపు లెక్కల్లో ఏదో జరిగింది. అది చూసి ఆత్రంగా పైకి లాగారు. లాగిన వెంటనే ఒకడు ఏదో అన్నాడు. అది బొంకు అని వాణ్ణి చంపారు. వాడు ఏమన్నాడో పాట చెప్పదు. ఆ గడి ఖాళీగా ఉంది.

బుధవారం ఉదయం నేతగాణ్ణి వెంటబెట్టుకొని పాతర దగ్గరికి వెళ్లాను. కూలిన దొర ఇంటి వెనుక, కంపచెట్ల మధ్య, బండ మూత కింద అది ఇంకా ఉంది. ఒక ఖాళీ డబ్బాలో ప్రమిద పెట్టి, తాడు కట్టి, చేతికి చేయి మారుస్తూ దింపాము. ఎనిమిదో చేతి దగ్గర దీపం ఆరిపోయింది. గాలికి ఆరిందేమోనని మళ్లీ వెలిగించి దింపాను. అయిదుసార్లు దింపితే అయిదుసార్లూ ఆరింది. నాలుగుసార్లు ఎనిమిదో చేతికి, ఒకసారి ఏడో చేతికి. తరువాత అదే డబ్బాను నూరడుగుల దూరంలోని ఎండిన బావిలో అంతే లోతుకు అయిదుసార్లు దింపాను. ఒక్కసారీ ఆరలేదు. పుస్తకంలో పది గీతలు గీశాను.

"ఇప్పుడు నమ్మకమా అన్నా?"

"ఈ పాతర దీపాన్ని ఆర్పుతుందని నమ్ముతున్నాను. ఆనాడు ఆర్పిందని..."

"నువ్వు మనిషివి కాదన్నా, స్కేలుబద్దవి." కానీ కళ్లు తుడుచుకుంటున్నాడు.

గురువారం సాధనకు ముందు గురువుతో అతనే చెప్పాడు. అడుగు సంగతి, దీపం సంగతి, అంతా. నేను పక్కన నిలబడ్డాను. పుస్తకం నా జేబులో ఉంది.

గురువు చేతిలోని ఇత్తడి తాళాన్ని బలంగా విసిరాడు. అది నేతగాడి చెవి పక్కనుంచి పోయి ద్వారబంధానికి తగిలి, సిమెంటు గచ్చు మీద చాలాసేపు తిరిగి పడిపోయింది.

"వాడు బొంకలేదంటే మనోళ్లు ఏం చేసినట్లప్పా? చెప్పు! మా తాతల తాత ఆ గోతిలో పోయినాడు. దొర చంపినాడని పాడతాండాం. రేపట్నుంచి ఏమని పాడాల? కాపాడను వచ్చినోన్ని రోకళ్లతో కుమ్మి, వాడు వద్దన్న గోతిలో దిగి సచ్చినాడని పాడాల్నా? నా నోటితో?" అని నా వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు సార్. నీకు రాతకోతలు తెలుసు. నువ్వేమంటావు?"

పదహారు జతల కళ్లు నా మీద ఉన్నాయి. గురువు మెడ నరాలు తాళ్లలా లేచాయి. నా జేబులో పది గీతలున్నాయి. నేను పుస్తకం తీయలేదు. "రెండు రోజుల్లో సభ. ఇప్పుడు మాట మారిస్తే అడుగు తప్పుతుంది," అన్నాను. అది అబద్ధం కాదు. జవాబూ కాదు. గడిని ఖాళీగా వదిలాను.

నేతగాడు వంగి తాళం తీసుకొని, కండువాతో తుడిచి, గురువుకు అందించాడు. "ఇదో గురువా. సొట్ట పళ్లేదు," అన్నాడు. వెళ్లి మధ్యలో చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఆ సాయంత్రం జానెడు ఎత్తున ఆగిన దెబ్బలు తక్కువ. గురువు కోపం మా చేతుల్లోకి దిగింది. ఎవరి చెక్కో అతని భుజం ఎముక మీద ఠంగుమని మోగింది.

శనివారం మాది అయిదో వంతు. మాకు ముందు మడకశిర వైపు బృందం సగం కన్నడంలో, సగం తెలుగులో ఒక గొర్రెల కాపరుల పోరు పాడి, జనాన్ని బాగా వేడెక్కించి దిగింది. ఏడున్నరకు మేము ఎక్కాం. దీపాల చుట్టూ పురుగులు, కాళ్ల కింద కొత్త చెక్కపలకలు, నెత్తి మీద తీగకు వేలాడే మైకు. పలకల మీద ముప్పై రెండు గజ్జెల కాళ్లు పడితే ఆ శబ్దం మోకాళ్లలోంచి పొట్టలోకి వచ్చింది. కరువు చరణాలు అయ్యేసరికి ముందు వరుసలవాళ్లు లేచి నిలబడ్డారు. "తలారిని చూపీండప్పా!" అని ఎవడో అరిచాడు.

దించుడు అడుగు వచ్చింది. మేము వంగాము. మధ్యలో, ఎప్పుడూ చేతులు కట్టుకొని నిలబడే మనిషి, మాతోపాటే వంగాడు. చేతికి చేయి మారుస్తూ ఏదో దింపాడు. వట్టి చేతులే. కాని ఆ వేళ్ల మధ్య తాడు కనబడింది. జీవితమంతా దారం పట్టిన వేళ్లు. తొమ్మిది. చెక్కలు ఆగాయి. మద్దెల ఆగింది. ఆ రెండు లెక్కల నిశ్శబ్దంలో అతను తలెత్తి, మైకు వైపు, మైదానమంతా వినబడేలా అరిచాడు:

"దిగొద్దండప్పా! దీపం ఆరిపోయింది!"

గురువు ముఖం నల్లబడింది. తరువాతి మాటను పాడలేదు, ఉమ్మాడు: "బొంకులు మొరిగెర!" మొదటి జట్టు దూకింది. జానెడు లేదు, బెత్తెడు లేదు. ఎనిమిది చెక్కలు తల మీద, మెడ మీద పడ్డాయి. అతను మోకాలు వంచలేదు. "దీపం ఆరిపోయిందప్పా!" అని మళ్లీ అరిచాడు. రెండో జట్టు దూకింది. కనుబొమ పగిలి నెత్తురు కంట్లోకి కారింది. జనం ఊగిపోయారు. ఇదంతా పాటలో భాగమే అనుకున్నారు. "కొట్టు! సంపు!" అని ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు అరిచారు.

మూడో జట్టు మాది.

నాకు తెలుసు. ఆ మైదానంలో ఉన్న వందల మందిలో, అతను చెప్పేది నిజమని అయిదు దీపాల లెక్కతో, అయిదు దీపాల ఎదురులెక్కతో తెలిసినవాణ్ణి అతను కాక నేనొక్కణ్ణే. నా కాలు లెక్కకు లేచింది. లెక్కకు దూకాను. అతను నన్ను చూసి ఎడమచేయి ఎత్తాడు. అడ్డం పెట్టుకోవడానికో, నన్ను ఆపడానికో తెలియదు. నా కుడి చెక్క దాని మీద పడింది. ఎండుకంప తొక్కినట్టు చప్పుడు. వేళ్లు ఒక్కసారి విచ్చుకొని వేలాడిపోయాయి. అతను నా కళ్లలోకి చూస్తూ, ఈసారి మెల్లగా, నాకు మాత్రమే వినబడేలా అన్నాడు: "ఆరిపోయిందన్నా."

నేను వెనక్కి దూకలేదు. నా రెండు చెక్కలూ కింద పడేశాను. పాట ఆగుతుందనుకున్నాను. ముప్పై రెండు చెక్కల్లో రెండు తగ్గితే ఎవరికీ తెలియదు. నాలుగో జట్టు నన్ను భుజంతో నెట్టి లోపలికి దూకింది. మళ్లీ మొదటి జట్టు, రెండో జట్టు. మా జట్టులో ఈసారి ముగ్గురు. మళ్లీ నాలుగో జట్టు. ఎనిమిది దెబ్బలూ పూర్తయ్యాయి. ఏడుగురు గోతిలో దిగిన చరణం, దొరను శపించే చరణం, మంగళం అన్నీ పాడారు. విరిగిన చేతిని కుడిచేతిలో పట్టుకొని, చొక్కా ముందంతా నెత్తురుతో, అతను చివరిదాకా నిలబడ్డాడు. చప్పట్లు ఆగలేదు. జ్ఞాపిక ఇచ్చినాయన మైకులో, "తలారి పాత్రధారి నటన సహజంగా ఉంది," అన్నాడు.

బత్తలపల్లెలో ఆసుపత్రికి తీసుకువెళ్లాము. ఎక్స్‌రేలో రెండు ఎముకలు, నాలుగు ముక్కలు. కనుబొమకు అయిదు కుట్లు. ఆరు వారాలు మగ్గం ఎక్కకూడదన్నారు. గురువు ఆ ఎక్స్‌రే ఫిల్మును ట్యూబులైటుకు ఎదురుగా పట్టుకొని చాలాసేపు చూశాడు.

మరుసటి ఉదయం వాళ్లింటికి వెళ్లాను. ఎవరో పంపిన వీడియోను కోడలు ఫోనులో ముసలామె చెవి దగ్గర పెట్టి వినిపిస్తోంది. 'దిగొద్దండప్పా' అన్న మాట దగ్గర ఆమె చేయి ఎత్తింది. "ఇంగొకసారి పెట్టు." మళ్లీ విన్నది. "ఇంగొకసారి." మూడుసార్లు విన్నది. తరువాత నా వైపు తల తిప్పింది.

"చెయ్యి ఇరిచిందెవురు?"

"నేనే పెద్దమ్మా."

"ఎన్ని దెబ్బలు కొడితివి?"

"ఒకటి."

"ఒకటేనా? లెక్కలాయనవి, సరిగ్గా చెప్పు. ఏడేండ్లుగా ఒకటేనా?"

ఇంటికి వచ్చి లెక్క వేశాను. ఉగాదులు, సాధనలు, సభలు. పాడిన ప్రతిసారీ నా వంతు రెండు. నాలుగువందల పదిహేడు. రెండో సుట్టులో దూకలేదు గనుక ఒకటి తగ్గింది. వాటిలో జానెడు ఎత్తున ఆగినవెన్నో, ఆగనివెన్నో నేను ఎన్నడూ రాసుకోలేదు. సాయంత్రం పుస్తకం తీసుకువెళ్లి, ఆ పది గీతలను గురువు ముందు పెట్టాను. గురువారం పెట్టవలసింది, ఆదివారం పెట్టాను.

గురువు క్షమాపణ చెప్పలేదు. అది ఆయనకు చేతకాదు. పది రోజుల తరువాత నేతగాడి ఇంటి గడప మీద కూర్చొని, లోపలికి వినబడేలా అడిగాడు: "అవ్వా, ఆయప్ప ఆ పొద్దు ఏమన్న్యాడో, ఎట్లన్న్యాడో, ఒక్క మాట పోకుండా చెప్పు." ఆమె చెప్పింది. ఆయన పెదవులు కదుపుతూ తాళం మీద వేళ్లతో లెక్క చూసుకున్నాడు. "రెండు లెక్కల్లో పట్టదు. నాలుగు చేయాల," అన్నాడు.

మొన్నటి ఉగాదికి ఆ నిశ్శబ్దం నాలుగు లెక్కలైంది. 'బొంకులు' పోయింది. ఆ చోట తలారి అన్న మాట వచ్చింది. చంపడం మాత్రం పోలేదు. పాట తలారిని ఇంకా చంపుతూనే ఉంది, ఇప్పుడు వద్దన్నందుకు చంపుతోంది. ఆ ఇంటి తలుపు తెరిచే ఉంది. ముసలామెను మంచంతో సహా వాకిట్లోకి తెచ్చి పెట్టారు. నేతగాడి మణికట్టు కాస్త వంకరగా అతుక్కుంది. పిండికట్టులో ఉన్నన్నాళ్లూ కదపక భుజం బిగుసుకుపోయి, ఆ చెయ్యి పైకి లేవదు. మధ్యలో ఎవరు నిలబడాలని గురువు అడిగితే, నేను నిలబడతానన్నాను. ఆ ఇంటివాడే నిలబడాలి గదా అని ఎవడో గొణిగాడు. నేతగాడు నా చెక్కలు తన చేతుల్లోకి తీసుకొని, "నిలబడనీ. బయటినుంచి అంతా కొలిచినాడు," అన్నాడు.

నేను తాడు లేని తాడు దింపాను. నాలుగు లెక్కల నిశ్శబ్దంలో నాకు చేతనైనంత గట్టిగా ఆ మాట అరిచాను. నా గొంతు పగిలింది. మొదటి జట్టు నా మీదికి దూకింది. తెలిసిన ముఖాలే, ఆ క్షణంలో ఒక్కటీ తెలియలేదు. ఎనిమిది చెక్కలు నెత్తి మీద మోగాయి. వాటి గాలి నా కనురెప్పలకు తగిలింది. మూడో జట్టులో నేతగాడు వచ్చాడు. ఎడమచేయి లేవదు గనుక కుడి చెక్క ఒక్కటే ఎత్తాడు. దాని అంచు మీద నా చేతి చెమట నలుపు ఇంకా ఉంది. అది దిగడం చూశాను.

జానెడంటే తొమ్మిది అంగుళాలని పైన రాశాను. బయట నిలబడి చూసిన కొలత అది. లోపల నిలబడి చూస్తే నాలుగు వేళ్లు.